కూత వెనుక రాయి

మా బాపు గొంతు నా దగ్గర ఒక పెయింటు డబ్బాలో ఉంది. మాటవరసకు అనడం లేదు. నిజంగానే ఇరవై లీటర్ల పెయింటు డబ్బా. దాని లోపల స్కూటరు బ్యాటరీ, పాత ఎఫ్.ఎం. పెట్టెలోంచి పీకిన సర్క్యూటు పలక, ఒక మెమరీ కార్డు. మూత మీద మైకు గొట్టం. మీట నొక్కితే బాపు అరుస్తాడు. బాపు పోయి రెండు పంటలు దాటాయి. ఇప్పటికీ మీట నొక్కబోతూ నా చెయ్యి ఒకసారి ఆగుతుంది.

నేను సిద్దిపేటలో మైకుసెట్లు, మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాను. మా ఊరు బెజ్జంకి వైపు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వస్తాను. నాకు చేతికి పని తొందరగా వస్తుంది, నోటికి కోపం ఇంకా తొందరగా వస్తుంది. ఈ రెండో సంగతి ముందే చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

మాకున్నది ఎకరంన్నర చెలక. మక్కజొన్న వేస్తాం. మా దగ్గర పంటకు పురుగు భయం కంటే కోతి భయం ఎక్కువ. కోతుల బాధకు ఊళ్లో పల్లికాయ మానేశారు, కూరగాయలు మానేశారు. మక్క కంకి పాలు పోసుకున్ననాటి నుంచి కోసేదాకా పొద్దంతా చేన్లో మనిషి ఉండి తీరాలి. మా ఇంట్లో ఆ మనిషి బాపు. తాడు మడత మధ్య రాయి పెట్టి, గిరగిరా తిప్పి వదిలే వడిసెల ఆయన ఆయుధం. ఆయన వదిలిన రాయి కోతికి జానెడు పక్కన తగిలేది. కావాలనే అలా కొట్టేవాడు. “ఆంజనేయసామి రూపం. దెబ్బ తాకొద్దు, భయం తాకాలె” అనేవాడు.

ఒక వానాకాలం బాపుకు గుండెనొప్పి వచ్చింది. సిద్దిపేట దవాఖానలో స్టంటు వేశారు. డాక్టరు సారు ఆయన్ను ఎదురుగా కూచోబెట్టుకుని, “ఎండల తిరుగుడు బంద్. ఉరుకుడు బంద్. ఇంటిపట్టున కూసోవాలె, తెల్సిందా?” అన్నాడు. బాపు బుద్ధిగా తల ఊపాడు. ఇంటికి రాగానే వడిసెల కోసం వెతికాడు. అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ దాన్ని బియ్యం డబ్బాలో దాచిపెట్టింది. వాళ్లిద్దరి గొడవ విని నేను అప్పుడే అనుకున్నాను, బాపును కూచోబెట్టే యంత్రం ఒకటి చేస్తానని.

చేస్తాననుకోవడం తేలిక. జీతం ఇంట్లో ఇవ్వగా నాకు మిగిలేది చాయ్‌కి, బస్సుకి. అందుకని కొనకుండా ఏమేం దొరుకుతాయో అవే నా యంత్రానికి భాగాలయ్యాయి. ప్లాస్టిక్ సామాన్లు అమ్మే ఆటో ఒకటి తుక్కుకు పోతుంటే దాని మైకు గొట్టం అడుక్కున్నాను. బ్యాటరీ పాత ఇనుప సామాన్ల దుకాణంలో దొరికింది. వాన నీళ్లు దిగకుండా మూత చుట్టూ సైకిలు ట్యూబు కోసి బిగించాను. బ్యాటరీని ఛార్జింగు కోసం సంచిలో వేసుకుని బస్సెక్కితే కండక్టరు దూరం జరిగి, “ఏందివయ్యా అది, బాంబా?” అన్నాడు. బస్సంతా నవ్వింది. మా ఓనరు సంగతి చెప్పనక్కర్లేదు. డబ్బా మీద కంపెనీ పేరు ఏం రాయాలా అని నేను కాగితం మీద గీస్తుంటే చూసి, “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నదిర నీ ఎవ్వారం” అన్నాడు. అయినా పాడైన మైకుసెట్టులోంచి పనికొచ్చే భాగం తనే తీసి నా చేతిలో పెట్టాడు.

మొదట ఫోన్లోంచి పులి గాండ్రింపు ఎక్కించాను. రెండు రోజులు కోతులు చేను దరిదాపులకు రాలేదు. మూడో రోజు ఒక ముసలి కోతి వచ్చి డబ్బా మీదనే కూచుని కంకి ఒలుచుకుంది. దాని కింద పులి గాండ్రిస్తూనే ఉంది. నేను మండిపడుతూ ఇంటికి వస్తే బాపు మంచంలో పడీపడీ నవ్వాడు.

“మన కోతులు పులినెన్నడు జూసినయ్ బిడ్డా? అవి నన్ను జూసినయ్” అన్నాడు.

ఆ మాటతో నా బుర్రలో దీపం వెలిగింది. పులి గొంతు కాదు, బాపు గొంతు కావాలి. అంటే ఆ ఆలోచన కూడా నాది కాదు. అప్పట్లో ఎవరడిగినా నాదే అని చెప్పాను.

ఆదివారం బాపును చేన్లో వేపచెట్టు నీడకు తీసుకుపోయి ఫోను ముందు పెట్టాను. ఒకే అరుపు మాటిమాటికీ వినిపిస్తే కోతులు కనిపెడతాయని పులి విషయంలో తేలిపోయింది. ఒకసారి వెంటవెంటనే, ఒకసారి ఎంతో సేపటికి అరవాలి. దానికి టైమరు కావాలి, టైమరు కొనే స్తోమత లేదు. అందుకని మధ్యలో నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేశాను. మూడు గంటలు. బాపు ఇష్టమొచ్చినప్పుడు అరిచాడు. “హోయ్! హోయ్! మీ పీనుగులెల్ల!” అని ఆయన మామూలుగా కోతులను తిట్టే తిట్టు. మధ్యలో దగ్గాడు. సద్ది గిన్నె తెరిచి తిన్నాడు. అలసిపోయి ఒకసారి, “ఇంక ఒర్రాల్నా బిడ్డా?” అని అడిగాడు. నేను ఫోను చూసుకుంటూ, “ఇంక గట్టిగ ఒర్రు బాపు” అన్నాను. అదీ రికార్డయింది. కత్తిరిద్దామనుకున్నాను గానీ, దగ్గు వినిపించినా కోతులు తలెత్తి చూస్తున్నాయని అలాగే వదిలేశాను.

గుండెకు స్టంటు వేసిన మనిషిని మూడు గంటలు అరిపించాను. ఆ రోజు అది నాకు తప్పుగా తోచలేదు. పని జరుగుతున్న సంతోషంలో ఉన్నాను.

డబ్బాను చేను నడుమ కొయ్యకు కట్టి మొదటిసారి మీట నొక్కినప్పుడు బాపు పక్కనే నిలబడి తన గొంతు తనే విన్నాడు. కొంచెం సిగ్గుపడ్డాడు. తర్వాత డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి చూసి మెల్లగా అన్నాడు.

“మంచిగున్నది బిడ్డా. గని కూతెనక రాయుండాలె. వట్టి కూతకు కోతి ఎన్నొద్దులు బెదురుతది?”

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. “నీకు తెల్వదు, ఊకో బాపు! రాయి ఎవడెయ్యాలె మల్ల? నువ్వు కూసునుడుకే గదా నేనింత జేసింది! కూసో!” అన్నాను. బాపు డబ్బా వైపు ఇంకోసారి చూశాడు. వేపచెట్టు కిందకు పోయి కూచున్నాడు. నా మీద అలిగాడనుకున్నాను. అలిగితే అలిగాడు, ఆరోగ్యం బాగుంటే చాలనుకున్నాను.

డబ్బా పనిచేసింది. పొద్దున మీట నొక్కి రావడం బాపు తన మీద వేసుకున్నాడు, దుకాణం పనితో నేను చేను లోపలికి పోనేలేదు. వారం గడిచింది, పది రోజులు గడిచాయి, కోతులు మా చేన్లో అడుగు పెట్టలేదు. గట్టు దాకా వచ్చేవట, అరుపు వినపడగానే తోక ముడిచేవట. ఒక్క కంకి పోలేదు. నేను దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను. చెప్పుకోవడంలో నా కాళ్లు నేల మీద లేవు. ఇంత తక్కువలో ఇలాంటిది జిల్లాలో ఎవడు చేశాడని ఓనరునే నిలదీశాను.

ఊరికి అటు చివర పొలమున్న మా చిన్నాయిన తనకూ ఒకటి చేసిపెట్టమన్నాడు. చేసి ఇచ్చాను. అదే రికార్డు, అదే తీరు డబ్బా. వారం తిరక్కుండానే ఆయన వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు.

“కోతులు డబ్బెక్కి కూసుంటున్నయ్‌రా. మా అన్న ఒర్రుడు ఒర్రుడే, అవి తినుడు తినుడే” అన్నాడు.

“మా చేన్ల పనిజేసేది నీ చేన్ల ఎందుకు జెయ్యది? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పెట్టరాక నా డబ్బాను అంటవా?” అన్నాను. పెద్దమనిషి. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. బాపు మంచం మీదే కూచుని ఉన్నాడు. ఈ గొడవంతా విన్నాడు. నేలకేసి చూస్తూ కాలి బొటనవేలితో మట్టి గీస్తున్నాడు. అప్పుడైనా నేను ఆయన వైపు సరిగ్గా చూసి ఉంటే, ఆ చొక్కా వెన్ను ఎండకు ఎందుకలా వెలిసిపోయిందో అడిగి ఉండేవాణ్ణి.

ఇంకో పది రోజులకు కంకులు ముదిరేవి. ఒక మధ్యాహ్నం దుకాణానికి ఫోను వచ్చింది. బాపు చేన్లో పడిపోయాడు. బస్సు దిగి నేను పరుగెత్తేసరికి మనిషి లేడు.

స్నానం చేయించేటప్పుడు ఆయన చొక్కా జేబులోంచి గులకరాళ్లు రాలాయి. మా మేనత్త, బాపుకు అక్క, వాటిని పక్కకు ఊడ్చేసి ఏడ్చింది. పాత అలవాటు చావలేదనుకున్నాను. నేను ఇంత కష్టపడి యంత్రం చేసిపెడితే మాట వినకుండా మళ్లీ ఎండలో తిరిగాడని కోపం కూడా వచ్చింది. చచ్చిపోయిన తండ్రి మీద కోపం తెచ్చుకున్నవాణ్ణి నేను. దాచి లాభం లేదు.

మా చేను మూలనే దహనం చేశాం. మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో వడ్డించి, దూరం జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టితే పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి మాట ఇస్తారు. ఏ మాటకు కాకి దిగితే అదే ఆయన కోరిక.

అవ్వ మక్కగట్క, కోడికూర, చేపల పులుసు వండింది. విస్తరి పెట్టి జరిగాం. కాకులు కరెంటు తీగ మీద వరుసగా ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. మేనత్త ముందుకు పోయి, “తమ్మీ, నీ పెండ్లాన్ని మేం కండ్లల్ల వెట్టుకుంటం, తినయ్యా” అంది. దిగలేదు. చిన్నాయిన, “అన్నా, నీ పిల్లగాని మీద నాకేం కోపం లేదు” అన్నాడు. ఆ మాట విని నాకు తలకాయ తీసేసినట్టయింది. అయినా కాకి దిగలేదు.

అప్పుడు అందరూ నా వైపు చూశారు. బాపుతో నేను చివరగా గట్టిగా అన్న మాట “నీకు తెల్వదు” అన్నదే. ఆయన పనిని లాక్కుని ఒక డబ్బాకు ఇచ్చాను. ఆయన గొంతు తీసుకుని ఆయన్ను నోరు మూసుకోమన్నాను. కోరిక కాదు, నా మీద కోపమే మిగిలిపోయిందని నాకు తెలిసిపోయింది. చేతులు జోడించి, “బాపూ, ఈ డబ్బాల పని ఇడిచిపెడుత. మల్ల ముట్ట” అన్నాను.

ఒక కాకి తీగ మీంచి దిగింది. నేల మీద రెండు గెంతులు వేసి విస్తరికి మూరెడు దూరంలోకి వచ్చింది.

“హోయ్! హోయ్! మీ పీనుగులెల్ల!”

కాకి లేచిపోయింది. తీగ మీద ఉన్నవన్నీ లేచిపోయాయి. మేనత్త కెవ్వుమని కూలబడింది. మూడు రోజుల కింద మేం కాల్చిన మనిషి చేను నడుమ నుంచి దగ్గాడు. తర్వాత అందరికీ స్పష్టంగా వినపడేలా అడిగాడు.

“ఇంక ఒర్రాల్నా బిడ్డా?”

దాని వెంటనే నా గొంతు, నిర్లక్ష్యంగా, పెద్దగా. “ఇంక గట్టిగ ఒర్రు బాపు.”

ఆయన ఇంకా గట్టిగా అరిచాడు.

సంగతేమిటంటే, ఇంటిల్లిపాదీ చావు పనుల్లో ఉన్నాం గదా, చేను ఆగమవుతుందని చిన్నాయిన తెల్లవారగానే వచ్చి డబ్బా మీట నొక్కి పోయాడు. మంచికే చేశాడు. మేం వచ్చి నిలబడింది రికార్డులో బాపు సద్ది తిన్న నిశ్శబ్దంలో. కాకులు పొద్దున్నించీ ఆ గొంతు వింటూ ఉన్నాయి. బాపు కూడు బాపు గొంతే కాకులను తిననివ్వడం లేదు.

నేను డబ్బా కట్టెయ్యడానికి మక్కల్లో పడి పరుగెత్తాను. డబ్బా దగ్గరికి పోయేదారిలో కాలికి ఏదో తగిలి బోర్లా పడ్డాను. లేచి చూస్తే రాళ్ల కుప్ప. అరచేతిలో పట్టేంత గులకరాళ్లు, ఏరి పేర్చినవి. ఇరవై అడుగుల అవతల ఇంకో కుప్ప. దాని అవతల ఇంకొకటి. కుప్ప నుంచి కుప్పకు మక్కల మధ్య మనిషి నడిచి నడిచి పడిన సన్నని బాట డబ్బా చుట్టూ తిరిగి వచ్చింది. నా డబ్బా అరిచినప్పుడల్లా ఆ బాటలోంచి ఒక రాయి లేచి కోతికి జానెడు దూరంలో పడింది. పొద్దంతా, ప్రతి రోజూ.

చిన్నాయిన చేన్లో డబ్బా ఎందుకు పనిచెయ్యలేదో అప్పుడు తెలిసింది. డబ్బా ఎక్కడా పనిచెయ్యలేదు.

మీట కట్టేశాను. బాపు సగం అరుపులో ఆగిపోయాడు. ఆ కుప్ప పక్కనే కూచున్నాను. కాసేపటికి గట్టు మీంచి చిన్నాయిన కేక వేశాడు. “ముట్టిందిరో! ముట్టింది!” నేను ఇచ్చిన మాటకు ముట్టిందో, గొంతు ఆగినందుకు ముట్టిందో నాకు తెలియదు. కానీ నేను పని మానేస్తానన్నప్పుడు ఆ మాటను తరిమికొట్టింది మాత్రం బాపు గొంతే.

ఆ సాయంత్రం అవ్వను అడిగాను. “నీకు తెల్సా?”

అవ్వ దాచలేదు. “తెల్సు. ‘పిల్లగాడు మొట్టమొదలు ఒకటి జేసిండు. పనిజేస్తలేదని తెలిస్తె మల్ల ఏది వట్టడు. కోతులకు సమజయ్యేదాక నాల్గొద్దులు నేనేస్త. వానికి చెప్పకు’ అన్నడు. నాల్గొద్దులన్నోడు నెలంత ఏసిండు. బియ్యం డబ్బలకెల్లి వడిసెల తీసిచ్చింది నేనే బిడ్డా.”

మేమిద్దరం ఒకరినొకరు ఓదార్చుకోలేదు. ఏమని ఓదార్చుకుంటాం? కూచోబెట్టడానికి చేసిన యంత్రం ఆయన్ను చచ్చేదాకా నడిపించింది. వడిసెల అవ్వ ఇచ్చింది, డబ్బా నేను ఇచ్చాను. మర్నాడు చిన్నాయిన దగ్గరికి పోయి కాళ్లు పట్టుకుని ఆయన డబ్బా తిరిగి తెచ్చుకున్నాను.

డబ్బాల పని నేను మానలేదు. దుకాణంలో ఇప్పటికీ చేస్తూనే ఉన్నాను. అరుపు తర్వాత తనంతట తనే రాయి విసిరే చెయ్యి ఒకటి చెయ్యాలని పాత సైకిలు స్ప్రింగులతో కుస్తీ పడుతున్నాను. ఇంకా కుదరలేదు. కుదరలేదనే అడిగినవాళ్లందరికీ ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఓనరు కూడా ఇప్పుడు ఎగతాళి చెయ్యడం మానేశాడు. ఆయన ఎగతాళే నయమనిపిస్తుంది.

మొన్న ఆదివారం చేనుకు పోయాను. కోతులు గట్టు దిగి మక్కల్లోకి వచ్చేశాయి. పిల్లకోతి ఒకటి డబ్బా మీదే కూచుంది. బాపు అరుస్తున్నాడు. ఒక్కటీ తలెత్తడం లేదు. ఒకప్పుడు తాము భయపడిన గొంతును అవి పట్టించుకోకుండా కంకులు ఒలుచుకుంటుంటే నేను చూడలేకపోయాను. బాపు పేర్చిన, దున్నేటప్పుడు కూడా మేం కదపని కుప్పలోంచి రాయి తీసి వడిసెలలో పెట్టాను. నాకు ఇంకా గురి రాలేదు. మొదటి రాయి డబ్బాకే తగిలి సొట్ట పడింది. రెండోది నా వెనక్కే పోయింది. బాపు మళ్లీ “హోయ్!” అన్నాడు. ఆ కూత వెంటనే మూడో రాయి వదిలాను. పెద్ద కోతికి జానెడు పక్కన మక్క కర్ర విరిగింది. కోతి ఒకసారి డబ్బా వైపు, ఒకసారి నా వైపు చూసి పరుగందుకుంది. మిగతావి దాని వెంట పడ్డాయి.

చేను ఖాళీ అయింది. భుజం నొప్పితో ఆయాసపడుతూ డబ్బా దగ్గరికి వచ్చి నిలబడ్డాను. డబ్బాలో బాపు దగ్గాడు.

“ఇంక ఒర్రాల్నా బిడ్డా?”

తర్వాత వచ్చేది నా గొంతు. అది వినపడక ముందే మీట కట్టేశాను.

“చాలు బాపు” అన్నాను. “ఇగ కూసో.”